నువ్వురెక్కలు తాగే నీళ్లు

మృగశిర కార్తె

తేమ: చాలదు. వేడి: చెప్పనక్కర్లేదు. రెక్కలు: నా వరసలో అక్కడొకటి ఇక్కడొకటి. పక్క వరసలో బోలెడు.

తోట లెక్కలు రాసుకునే పలకకి ఈ మూడే చెప్పాలట. మునిమాపు పని అయ్యాక వలతోట దాటి బయటికి వచ్చి, పలక ముందు నిలబడి, ఈ మూడూ చెప్పి ఇంటికి పోవాలి. నేను మాత్రం చెబుతూనే ఉంటాను, అది రాసుకుంటూనే ఉంటుంది. నా యాసని దిద్ది పుస్తకం తెలుగులోకి మార్చుకుంటుంది గానీ, మనుషులు మాటామాటా అనుకున్నవి చెబితే వాటిని ఉన్నదున్నట్టు ఉంచేస్తుంది. ఎందుకో దానికే తెలియాలి. ఇన్నేళ్లలో దీన్ని తెరిచి చదివిన పాపాన ఎవరూ పోలేదు కాబట్టి నాకు భయం లేదు.

నా పేరు సూరమ్మ. ఉసిరి కాపరిని. కొండ మీద ఒకప్పుడు, రెక్కలు బయటికి పోకుండా వల కప్పిన ఈ తోట నిండా కాపరులుండేవాళ్లం. ఇప్పుడు మిగిలింది రెండు వరసల చెట్లు, ఇద్దరు ఆడవాళ్లు. రెండో ఆవిడ పేరు దమయంతి. ఆ పేరు చెబుతుంటేనే నాకు నోరు చేదుగా ఉంటుంది.

మా అమ్మ దాచుకున్న ఖాళీ సీసా మీద తేనెటీగ బొమ్మ ఉండేది. అదేం పురుగో నేను చూడలేదు. నేను పుట్టేసరికి పువ్వు నుంచి పువ్వుకి తిరిగేవన్నీ పోయాయి. ఉసిరి పుప్పొడిని మూతితో ఎత్తి పక్క పువ్వులో పెట్టేది ఒక్క నువ్వురెక్కే మిగిలింది. నువ్వుగింజంత ఒళ్లు, బూడిద రంగు రెక్కలు, అంతే. పెట్టినందుకు కూలీగా పువ్వులో ఒక గుడ్డు పెట్టుకుపోతుంది, దాని పిల్ల ఒక విత్తు తింటుంది. కాయ మనది. ఆ కాయ లేని ఏడు ఊళ్లో పిల్లలకి చిగుళ్లు వాచి నెత్తురు కారుతుంది.

గుడ్డు పెట్టాలంటే దానికి ఉప్పు కావాలి. ఆ ఉప్పు మనిషి కంటినీళ్లదే అయి ఉండాలి. గిన్నెలో ఉప్పునీళ్లు పెట్టి చూశారు, ముట్టలేదు. చెమట ముట్టలేదు. మహారాణి. అందుకని రోజూ మునిమాపు వేళ చెట్ల మధ్య పీట వేసుకుని ఏడవడమే మా ఉద్యోగం. అవి వచ్చి రెప్పల అంచున వాలి తాగుతాయి. ఆ కాసేపూ రెప్ప కొట్టకూడదు.

దమయంతి పీట మీద కూర్చోవడం ఆలస్యం, ధారలు. నేను కూర్చుని కూర్చుని నడుం పట్టేసి లేస్తాను.

ఆరుద్ర కార్తె

తేమ: చాలదు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని సామెత చెప్పినవాళ్లు ఎక్కడున్నారో కనుక్కోవాలి. రెక్కలు: అడగొద్దు.

పూత విరగబూసింది. నా వరసలో పువ్వులన్నీ నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. వచ్చే రెక్క లేదు. పొద్దున వల తుడుస్తూ, సాలీళ్లని ఏరి పారేస్తూ చూశాను కదా, దమయంతి చెట్ల కింద నేల మీద కూడా నువ్వురెక్కలు పాకుతున్నాయి. జాగా చాలక.

నాకూ ఒకప్పుడు మంచి ఏడుపు ఉండేది. సముద్రం మా ఊరి మీదికి వచ్చిన రోజు అమ్మ సీసాల పెట్టె కోసం వెనక్కి వెళ్లింది. దాని మీద చాలా ఏళ్లు బతికాను. కళ్లు మూసుకుని ఆ నీలం చీర కొంగు ఒక్కసారి తలుచుకుంటే చాలు, రెక్కలు బారులు తీరేవి. ఇప్పుడు అదే కొంగు తలుచుకుంటే, ఆ చీర అంచు ఆకుపచ్చదా పసుపుదా అని ఆలోచనలో పడుతున్నాను. వాడి వాడి అరగదీశాను.

ఇంకొకరి ఏడుపు అడిగి తెచ్చుకుందామంటే వలతోటలో దానికి కట్టుబాటు ఉంది. ఎందుకేడుస్తున్నావని కాపరి కాపరిని అడగకూడదు. చెప్పుకుంటే మనసు బరువు దిగుతుంది, బరువు దిగితే మర్నాడు నీళ్లు రావు. పాతకాలంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకరికొకరు చెప్పుకుని, ఓదార్చుకుని, ఒక ఏడు పంట మొత్తం పోగొట్టారట. అప్పటి నుంచి ఎవరి ఏడుపు వాళ్లదే.

ఉల్లిపాయ కోసుకుని కూర్చున్నాను. ఒకే ఒక్క రెక్క వచ్చింది, రుచి చూసింది, వెళ్లి దమయంతి కంటి మీద వాలింది. నాకు వినబడేలా నోరు కడుక్కోలేదు, అదొక్కటే తక్కువ.

ఇంటికి పోయి మా ఆయన నూకరాజుని పట్టుకున్నాను. నీళ్ల మరలో పని చేసి అప్పుడే వచ్చి చారు అన్నం కలుపుకుంటున్నాడు.

"నన్నేదైనా తిట్టు," అన్నాను.

"ఎందుకే?"

"ఏడుపు రావాల. మనసిరిగిపోయేలా తిట్టు."

ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "సారులో ఉప్పు నేదు," అన్నాడు.

"అదొక తిట్టేటి?"

"మరేటి సెయ్యమంతావు? పెళ్లయిన కాడి నుంచి తిట్టీది నువ్వు, తినీది నాను. ఇప్పుడు సడన్‌గా మార్సీమంటే నోరు తిరగొద్దా?"

నవ్వొచ్చేసింది. మర్నాడు పీట మీద కూర్చున్నా అదే గుర్తొచ్చి నవ్వు. వెధవ సంసారం సుఖంగా ఉండి నా ఉద్యోగం తినేస్తోంది.

పునర్వసు కార్తె

తేమ: ఉన్నదాంట్లో మేలు. రెక్కలు: నా వరసలో అక్కడొకటి ఇక్కడొకటి, అదే పాట.

తోట పెద్ద పెంటయ్య మావ ఈ పొద్దు వచ్చి పీట మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. మంచి కబురైతే కూర్చుంటాడు.

"మరలో నీరు తగ్గిపోతన్నాదమ్మా. రెండు వరసలకి నీరివ్వలేం. ఉత్తర కార్తెకి ఒక వరసే తడుపుతాం. ఎవరి వరసలో కాయ నిలిస్తే ఆలే కాపరి."

"రెండో మనిషి?" అన్నాను.

"ఉప్పు గోకీ పనికి ఎల్లాల."

నీళ్ల మర సముద్రపు నీళ్లు తాగి మంచినీళ్లు ఇస్తుంది. మిగిలిన ఉప్పు దాని గోడలకి పేరుకుంటుంది. లోపలికి దూరి గోకాలి. గోకినవాళ్ల చేతులు చూశాను. నేను ఈ చెట్లకి పాదులు తీసి, ఈ వలకి చిరుగులు కుట్టి ముసలిదాన్నయ్యాను. నిన్నగాక మొన్న మునిగిపోయిన ఊళ్ల నుంచి చేతులూపుకుంటూ వచ్చిన మనిషి నా చెట్ల నీళ్లు తీసుకుపోతుందా?

ఒళ్లు మండింది. దమయంతి మాత్రం తలవంచుకుని కళ్లు తుడుచుకుంటోంది. ఎప్పుడు చూసినా అదే పని. మాకు చూపించడానికి కాకపోతే పట్టపగలు ఎందుకు కార్చాలి చెప్పండి? ఉన్నవాళ్లు నగలు పెట్టుకుని వీధిలో తిరిగినట్టు.

పుష్యమి కార్తె

తేమ: చాలదు. రెక్కలు: చెప్పను.

ఆవిడకి కళ్లు నెత్తికెక్కాయి. నిన్న నీళ్ల బాట మీద ఎదురుపడితే, నేను ఆగాను కూడా, మనిషి నా పక్క నుంచి పలకరింపు లేకుండా వెళ్లిపోయింది. పైగా నా కడవ తన్నింది. ఆ నీళ్లు నా రోజు వాటా. "సూసుకోనేదప్పా," అంది, అక్కని పిలిచినట్టు. అంత పెద్ద కడవ.

వీధి కుళాయి దగ్గర చెంబు పక్కన నీళ్లు ధార పోసుకుంటూ నిలబడింది ఇంకో రోజు. గర్వానికి కూడా ఒక హద్దుండాలి. నీళ్లు నేలపాలు చేసేంత నిమ్మళమేమిటి ఆ మనిషికి?

నాకు నిద్రా తిండీ లేకుండా ఒకటే ధ్యాస. ఏమిటి ఆవిడ ఏడుపు? మొగుడు పోయాడా? పిల్లలు పోయారా? ఊరు ఊరంతా పోయిందా? నాకు మా అమ్మ ఒక్కతే పోయింది, ఆవిడకి ఎంతమంది పోయారో, ఎంత అదృష్టమో అనుకున్నాను. అనుకుని, ఛీ, ఇదేం బుద్ధి అని చెంపలేసుకున్నాను. చెంపలేసుకున్నాక మళ్లీ అదే అనుకున్నాను.

నూకరాజుతో అంటే, "ఆ దమయంతి గుంట మీద ఏడిసి ఏడిసి నీ కళ్లెండిపోనాయి. పురుగులకేటి పోస్తావు?" అన్నాడు. ఆ మాటకి కోపం వచ్చింది. కోపానికి కూడా నీళ్లు రాలేదు.

మఖ కార్తె

రెక్కలు తర్వాత చెబుతాను. ముందు ఇది రాసుకో.

కాయ నిలిచిన కొమ్మకి దారం కట్టడం మా పద్ధతి. నాది ఎర్ర దారం, దమయంతిది పసుపు దారం. పెంటయ్య మావ వచ్చి దారాలు చూసుకుని వరస తేలుస్తాడు. పొద్దున్నే నా చెట్ల దగ్గరికి వెళ్లేసరికి, నా చివరి చెట్టు నిండా పసుపు దారాలు.

నా గొంతు కొండ కింద దాకా వినబడి ఉంటుంది.

"పట్టపగలు దొంగతనమేటే? పురుగుల్ని లాక్కున్నావు, పోనీమన్నాను. ఇప్పుడు నా సెట్టుకి నీ దారం కట్టి నా కాయ కూడా మింగీద్దామనా?"

దమయంతి దారపుండ చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. "ఇది నా వరస కాదేటప్పా?" అంది.

"నంగనాచి మాటలు సెప్పకు."

పెంటయ్య మావ వల బయటి నుంచే, "ఏటమ్మా గోల?" అని కేకేశాడు. "రా మావా, నీ కళ్లతో సూడు," అని ఆవిడ దారం కట్టిన కొమ్మని వంచి పట్టుకున్నాను, నా కాయలు చూపిద్దామని.

కొమ్మ మీద కాయ లేదు. ఇంకోటి వంచాను. అది ఎండుపుల్ల. ఆకు కూడా లేదు. ఎండుపుల్లకి శుభ్రంగా రెండు ముళ్లు వేసి పసుపు దారం. దాని పక్కన వల గుంజ ఉంది. గుంజకి కూడా ఒక దారం కట్టి ఉంది. కాయ దొంగిలించేవాళ్లు కాయ ఉన్న కొమ్మకి కడతారు. గుంజకి కడతారా?

ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. నా గొంతు వినబడిన వైపు చూస్తోంది.

"ఏటి సూడమన్నావే?" అంటూ మావ లోపలికి వచ్చాడు.

"ఏటీ నేదు మావా. ఎల్లు," అన్నాను. ఆ కొమ్మ వదిలేసి, గుంజ దగ్గర దారానికి అడ్డంగా నిలబడ్డాను. నా నోరు దానంతట అది మూతపడటం ఈ కొండ మీద ఎవరూ చూడలేదు. నాకు వడదెబ్బ తగిలిందనుకుని, నీడలో కూర్చోమని చెప్పి మావ వెళ్లిపోయాడు.

ఇద్దరమే మిగిలాం. అడగకూడనిది అడిగాను.

"దమయంతీ, ఎందుకేడస్తన్నావే?"

"అడగకూడదు కదప్పా."

"తెలుసు. అడుగుతన్నాను."

దారం వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "నాను ఏడవడం నేదప్పా," అంది. "మొదట్లో ఏడిసీదాన్ని. మా నాన కోసం, మా ఇల్లు కోసం. అదయిపోనాది. పోయినేడు నుంచీ కళ్లు వాటంతటవే కారతన్నాయి. పొద్దున్నే రెప్పలంటుకుపోతాయి. ఎడం కంట్లో ఎలుగు తప్పించి ఏటీ నేదు. కుడి కన్ను కూడా మసక."

"మరి సెప్పవేటే, ఎర్రిదానా?"

"ఎవులడిగినారు?"

రోజూ పక్కపక్క పీటల మీద కూర్చున్నాం. ఆవిడ కళ్ల ఎరుపు చూశాను, పుసులు చూశాను, కడవ తన్నడం చూశాను. అన్నీ చూసి, ఎంత గొప్ప ఏడుపో అని కుళ్లుకున్నాను. అడగకూడదన్న కట్టుబాటు లేకపోయినా నేను అడిగేదాన్ని కాదు. అడిగితే ఆవిడ గొప్ప ఒప్పుకున్నట్టవుతుందని.

"సెప్పకప్పా," అంది నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని. "ఉత్తర దాకా ఓపిక పట్టు. పీట మీంచి దించీస్తే ఈ కళ్లతో ఉప్పులోకెల్లాలి. పురుగులు నాకాడికే వస్తాయని ఊళ్లో ఒక పేరుంది. అదీ పోతే నాకేటుంది?"

మఖ కార్తె, మర్నాడు

చెబితే ఆవిడ పీట దిగుతుంది, వరస నాది అవుతుంది. చెప్పకపోతే ఆ ఉన్న కన్ను కూడా పురుగులు తాగేస్తాయి. చెప్పడమే మంచిపని. ఆ మంచిపనిలో లాభమంతా నాదే. ఇలాంటిది ఎక్కడైనా ఉందా? నష్టపోయే మంచిపని అయితే హాయిగా చేసేసి నలుగురిలో తలెత్తుకు తిరిగేదాన్ని.

నూకరాజుని అడిగాను. "మంచిపని సేసినోలు బాగుపడకూడదని ఎవుడన్నాడే?" అన్నాడు.

"ఊరేటంతాది?"

"కుళ్లుతో సెప్పీసినాదంతాది. నిజవే కదా. సెప్పీయ్."

పెంటయ్య మావకి చెప్పాను. సాయంత్రం, తీగ మీద కొండెక్కే బండిలో కళ్ల డాక్టరమ్మని పిలిపించారు. దమయంతి నాతో ఒకటే మాటంది.

"కుళ్లుతో సెప్పీసినావు కదప్పా?"

"కుళ్లుందే," అన్నాను. "నేదని ఎవులన్నారు? అది నేకపోయినా సెప్పీదాన్నే."

నమ్మలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

పుబ్బ కార్తె

తేమ: చాలు. రెక్కలు: ఉన్నాయి, నా దగ్గర కాదు.

ఎడం కన్ను పోయినట్టే అంది డాక్టరమ్మ. పురుగు మూతి గీసిన చోటల్లా పుండు. కుడి కన్ను నిలుస్తుంది. కాకపోతే స్వాతి కార్తె దాకా రెండు కళ్లకీ కట్టు విప్పకూడదు, ఒక్క రెక్క కూడా వాలకూడదు. వాలిందా, ఆ కన్ను కూడా ఎడందాని దారే.

పెంటయ్య మావ ఆవిడని ఉప్పులోకి పంపనని మాటిచ్చాడు, వలలు కుట్టే పని ఇస్తానన్నాడు. నాకు వరస ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు. ఇన్నాళ్లూ నేను కోరుకున్నదంతా నా ఒళ్లో పోసి వెళ్లాడు. రెక్కలు మాత్రం పోయలేకపోయాడు.

అవన్నీ ఆవిడ ఖాళీ పీట చుట్టూ తిరుగుతున్నాయి. నేను వెళ్లి ఆ పీట మీదే కూర్చున్నాను. నన్ను తప్పుకుని పీట కోళ్ల మీద వాలాయి. చివరి పూతలో గుడ్లు పెట్టే రోజులివి. ఇప్పుడు ఉప్పు అందకపోతే గుడ్లుండవు. వచ్చే ఏడు పూత పూసి రాలిపోతుంది.

ఉత్తర కార్తె

ఈ రోజు సంగతి అంతా అయ్యాక చెబుతున్నాను.

మునిమాపు వేళ దమయంతి వచ్చింది. దారికి కట్టిన తాడు పట్టుకుని, కళ్లకి తెల్ల కట్టుతో, వల బయట నిలబడింది. రోజూ వస్తోందట, నేనే చూసుకోలేదు. ఆవిడ నిలబడిన చోట లోపలి వైపు వలకి రెక్కలన్నీ అతుక్కుపోయాయి. ఆ ముక్క మొత్తం బూడిదరంగు అయిపోయింది. కట్టు కింద ఆ కన్ను ఇంకా కారుతూనే ఉంది కాబోలు.

"అప్పా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఎలగున్నాయి నా పురుగులు?"

నా పురుగులు అంది. ఇంకో రోజైతే ఆ మాటకే ఒక గంట పోట్లాడేదాన్ని.

"నీకాడికి రాడం నేదు కదా?" అంది. గొంతులో ఆశ. "నాకు తెలుసు. నిన్న రాతిరంతా ఆలోసించినాను. రేపు కట్టిప్పీసి లోనకొచ్చి కూకుంతాను. నాలుగు రోజులే కదా. గుడ్లు పెట్టీస్తే పంటకి భయం నేదు. ఒక కన్ను ఎలగూ పోనాది."

చెయ్యి కట్టు ముడి దగ్గరికి వెళ్లింది. ఊరికే, బిగువు చూసుకోవడానికి వెళ్లినట్టు. ఆవిడ మొహానికి జానెడు దూరంలో, వలకి ఇవతల, ఒక్క రెక్క కూడా మిగలకుండా అన్నీ ఆవిడ కోసమే కొట్టుకుంటున్నాయి. నిజం చెబితే ఆవిడ ఆనందంతో పొంగిపోయి ఆ కట్టు అక్కడికక్కడే విప్పేస్తుంది.

"దేనికే రాడం?" అన్నాను. "అన్నీ నాకాడే ఉన్నాయి."

"ఏటి?"

"నీ పురుగులే. నువ్వెల్లిన మర్నాడే వచ్చీసినాయి. రెండు కళ్ల మీదా వాలిపోనాయి, నీతో మాటాడతంటే రెప్పెయ్యలేక సస్తన్నాను. నీ పీటకాడ ఒక్కటుంటే ఒట్టు."

"అన్నీనా?"

"అన్నీ. వాటికేటే, ఉప్పెవులు పోస్తే ఆలే సుట్టం. నిన్ను మరిసిపోనాయి."

ఆవిడ చెయ్యి ముడి మీంచి దిగింది. పెదవి ఒకవైపు బిగిసింది, గడ్డం పైకి లేచింది. ఆ మొహం నాకు బాగా తెలుసు. మృగశిర నుంచీ నేను తొడుక్కుని తిరిగిన మొహమే అది. నన్ను చూసి ఒక మనిషి ఇలా కుళ్లుకుంటే చూడాలని ఎన్ని మునిమాపులు కోరుకున్నానో.

"మంచిది," అంది చివరికి. "నీకు కావలసిందదే కదా."

తాడు కోసం గాలిలో తడుముకుంది. ఇటు కాదే, ఎడమ పక్క అని చెబుదామని నోరు తెరిచాను, చెప్పలేదు. చెబితే నేను ఆవిడనే చూస్తున్నానని తెలిసిపోతుంది. కళ్ల నిండా పురుగులున్న మనిషికి తాడు ఎలా కనబడుతుంది? రెండుసార్లు ఖాళీ గాలి పట్టుకుని, మూడోసారికి తాడు దొరకబుచ్చుకుని, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయింది. వెళ్తున్నానని కూడా అనలేదు.

నేను పీట మీద కూర్చునే ఉన్నాను. వల మీద బూడిదరంగు చెదిరింది. అవి కాసేపు ఆవిడ నిలబడిన చోటే తచ్చాడాయి. ఒకటి వచ్చి నా కుడి రెప్ప అంచున వాలింది. అది వాలాకే నాకు తెలిసింది, నా కళ్లు ఎప్పటి నుంచి కారుతున్నాయో. తర్వాత ఇంకోటి వచ్చింది. తర్వాత మిగతావన్నీ వచ్చాయి.

ఆవిడ ఇంకా బాట మీద కనబడుతోంది, తాడు పట్టుకుని నెమ్మదిగా దిగుతోంది. తుడుచుకుని చూద్దామనిపించింది. రెప్ప కొట్టకుండా కూర్చున్నాను.